చెరువు పోయాక ప్రార్థన రావడం లేదంటే, ఇన్నాళ్లూ నేను నమ్మింది దేవుణ్నా, ఆయనిచ్చిన ఆశీర్వాదాన్నా?

వందనాలమ్మా. మీరు రాసింది రెండుసార్లు చదివి, ఒక రాత్రి ఆగి జవాబు రాస్తున్నాను.

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి రాజోలు దగ్గర డాబా కట్టుకున్నారు. మీ ఆయన రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్యలు వేశారు. రెండు పంటలు బాగా వచ్చాయి. గుళ్లో లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పారు, కృతజ్ఞత కూటం పెట్టి అందరికీ భోజనాలు పెట్టారు. ఈసారి 42వ రోజున వైట్‌స్పాట్ తెగులు తగిలి చెరువంతా పోయింది. అప్పట్నుంచీ మోకరిస్తే నోట మాట రావడం లేదు. ఆ మధ్యలోనే ఒక ఆదివారం మీ పాస్టరుగారు "నువ్వు నమ్మింది దేవుణ్నా, ఆయనిచ్చిన ఆశీర్వాదాన్నా" అని వాక్యం చెప్పారు. అది మీకు గుచ్చుకుంది. "ఆశీర్వాదం కోరుకోవడమే పాపమా? నాది ఇన్నాళ్లూ దొంగభక్తేనా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. కోరుకోవడం పాపం కాదు. పోయినప్పుడు ఏడవడమూ పాపం కాదు. అనుదినాహారం అడగమని నేర్పింది ప్రభువే. కాబట్టి "నాకేం వద్దు ప్రభువా, నువ్వు చాలు" అని పైకి అనేసి లోపల కుమిలిపోవాల్సిన పని లేదు. కానీ మీ పాస్టరుగారు చూపించిన ప్రమాదం నిజమైనదే. దేవుడు మన చేతికిచ్చిన వస్తువు, మనకు తెలియకుండానే, ఆయన కూర్చోవాల్సిన పీట మీదకెక్కి కూర్చుంటుంది. అది ఎక్కేది చెరువు పోయిన రోజున కాదమ్మా, చెరువు నిండుగా ఉన్న రోజుల్లోనే. అందుకని మిమ్మల్ని మీరు పరీక్షించుకోదలిస్తే ఈ నెల సంగతి పక్కనపెట్టి, ఆ రెండు పంటలు బాగా పండిన కాలాన్ని తలుచుకోండి.

మన నేల గురించి కొంచెం చెప్పనివ్వండి. నేను పుట్టింది, పెరిగింది, 1993 నుంచి సంఘాన్ని కాస్తున్నది ఈ కాలువల మధ్యే. నాకూ ఎకరంన్నర వరి, కాస్త కొబ్బరి ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయంలో మోషే రెండు రకాల నేలల గురించి చెబుతాడు. ఒకటి ఐగుప్తు, అంటే ఈజిప్టు. అక్కడ విత్తనం వేసి, కూరతోటకు పెట్టినట్టు కాళ్లతో నీళ్లు కట్టుకునేవారట. రెండోది వాళ్లు వెళ్లబోయే కొండల దేశం, ఆకాశం కురిస్తే తాగే నేల. ఈ మాట చదివిన ప్రతిసారీ నాకు మన చేలే కళ్లముందుకొస్తాయి. కాలితో మట్టి తోసి బోదెకు గండి కొట్టడం, మడి నిండగానే మళ్లీ కాలితోనే కట్టేయడం ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. మనది ఐగుప్తులాంటి నేల. తప్పుపట్టి అనడం లేదు, ఐగుప్తు నదిని పారించేదీ ఆయనే.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర కట్టించిన ఆ గోడ వల్ల తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ నీళ్లు వచ్చి, ఇవాళ 10 లక్షల ఎకరాలకు పైగా పండుతోంది. అంతకు ముందు ఇక్కడివాళ్లు వానకోసం ఆకాశం వంక చూసేవారు, వరదొస్తే ఏటి వంక చూసేవారు. ఇప్పుడు మనం చూసేది కాలువల్లోకి నీళ్లు వదిలే లాకుల వంక. వేసవిలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు, మన తేదీలన్నీ దాన్నిబట్టే. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని మా ఆదివారపు బడిలో పిల్లల్ని అడిగితే ఒకడు "లాకుల్లోంచండి" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ పై కొండల్లో వాన పడకపోతే లాకులు ఇచ్చేది ఏమీ లేదు. మన భక్తిలో జరిగేదీ అదే. దీవెన పారే కాలువ కంటికి కనిపిస్తుంది, కురిపించేవాడు కనిపించడు. కొన్నేళ్లు ఏ లోటూ లేకుండా పారితే చాలు, మన చూపు కాలువ దగ్గరే ఆగిపోతుంది.

చాలామంది ఈ ప్రమాదాన్ని డబ్బు దగ్గరే చూస్తారు. బైబిల్లో నన్ను ఎక్కువగా భయపెట్టే సంగతులు డబ్బువి కావు, దేవుడే స్వయంగా ఇచ్చిన పరిశుద్ధమైన వస్తువులవి.

అరణ్యంలో పాములు కరిచి జనం చచ్చిపోతుంటే దేవుడే మోషేతో ఇత్తడి సర్పాన్ని చేయించాడు. దానివంక చూసినవాళ్లు బతికారు. అద్భుతం నిజం, మేలు నిజం. దాన్ని దాచుకున్నారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత, రాజులు రెండవ గ్రంథం 18లో, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు ముక్కలుగా కొట్టించాడు. ఎందుకంటే అప్పటికి జనం దానికి నెహుష్టాను అని పేరు పెట్టి ధూపం వేస్తున్నారు. బతికించినవాణ్ని వదిలి బతకడానికి వాడిన ఇత్తడిని పట్టుకున్నారు. మొదటిరోజే ఎవరూ ధూపం వేసి ఉండరు. మొదట కృతజ్ఞతతో తుడిచి పెట్టి ఉంటారు, తర్వాత పిల్లలకు చూపించి ఉంటారు, ఆ తర్వాత ఎప్పుడో గడప దాటేముందు దానికి దండం పెట్టడం మొదలై ఉంటుంది.

దేవుని ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, మందసం సంగతీ అంతే. సమూయేలు మొదటి గ్రంథం 4లో ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయాక పెద్దలు షిలోహు నుంచి మందసాన్ని తెప్పించారు. అది మన మధ్య ఉంటే అది మనల్ని రక్షిస్తుందని అనుకున్నారు. ఆ "అది" అన్న మాట దగ్గర ఆగండి. దేవుణ్ని అడిగి తెలుసుకుందామని ఎవరూ అనలేదు. మందసం పాళెంలోకి వచ్చేసరికి భూమి దద్దరిల్లేలా కేకలు వేశారు. మన కూటాల్లో లేచే కేకలకంటే తక్కువేం కాదు. ఆ రోజు 30 వేలమంది కాల్బలం కూలిపోయింది, మందసం శత్రువుల పాలైంది.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోకండి. ఫ్రిజ్ మీద ఈ ఏటి వాగ్దానం కార్డు అంటించానని, అందులో అభివృద్ధి గురించి ఉందని, "మరి వాగ్దానం ఏమైంది" అని మీరే రాశారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి ఆ కార్డు తీసే పద్ధతి మా సంఘంలోనూ ఉంది. కార్డు మీది వాక్యం సత్యం, సందేహం లేదు. కానీ ఆ మాట మొదట ఎవరితో, ఏ సందర్భంలో అన్నాడో చూడకుండా దాన్ని మన ఇంటి ఏడాది ఖాతాకు హామీ పత్రంగా చేసుకుంటే, అది ఫ్రిజ్‌మీది ఇత్తడి సర్పమే అవుతుంది. అదే వరసలో ప్రార్థన తైలం, అదే వరసలో రుమాలు, కారు వెనక అద్దంమీది వాక్యం కూడా. వాటిని తీసి పారేయమని నేననను. వాటివల్లే బతుకుతున్నామన్న భావన మొలిచిన రోజున మాత్రం తీసేయాలి. ఆ విషయంలో హిజ్కియాది మొరటుతనం అనుకునేవాణ్ని, ఇప్పుడు అనుకోను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మీ ప్రశ్న చదివిన రాత్రి నాకు గుర్తొచ్చింది ఇదే.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను మీకు ఊహ తెలిసేనాటిది కాకపోవచ్చు. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారేసరికి కొబ్బరితోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడి ఉన్నాయి. నేను కాపరిగా వచ్చి మూడేళ్లు. మా సంఘపెద్ద ఒకాయనకు నాలుగెకరాల కొబ్బరి ఉండేది. ప్రతి దింపులోనూ పదోవంతు లెక్కకట్టి తెచ్చి ఇచ్చేవారు, ఒక్క కాయ తేడా ఉండేది కాదు. ఆ రాత్రితో తోట పోయింది. ఆయన గుడికి రావడం మానేశారు. రెండు వారాలు చూసి ఇంటికి వెళ్లాను. వెళ్లి హబక్కూకు మూడో అధ్యాయం చదివాను. అంజూరపు చెట్లు పూయకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న చోటు. ఆయన అంతా విని, "అయ్యగారూ, నేను ఒప్పందం ప్రకారమే నడిచానండి. తప్పింది ఆయనేనండి" అన్నారు.

నాకు కోపం వచ్చింది. అవిశ్వాసం అనుకున్నాను. ఇంటికొచ్చే దారిలో, పడిపోయిన చెట్లు దాటుకుంటూ వస్తుంటే తట్టింది. ఆ ఒప్పందం కాగితం రాసింది నేనే. "పదోవంతు ఇవ్వండి, మీ తోట జోలికి తెగులు రాదు, గాలి రాదు" అని మలాకీ గ్రంథం చూపించి మూడేళ్లూ చెప్పింది నేనే. ఆయన నా మాట పొల్లుపోకుండా నమ్మారు. సాక్ష్యాల సమయంలో కూడా నేను లేపింది ఎవరిని? వీసా వచ్చినవాళ్లను, పట్టా వచ్చినవాళ్లను, కొత్తిల్లు కట్టినవాళ్లను. ఏదీ రాకుండానే ప్రభువును పట్టుకుని ఉన్నవాళ్లను ఒక్కసారీ లేపలేదు. అలా ఏళ్ల తరబడి చేస్తే, గుళ్లో కూర్చున్నవాళ్లకు ఏమర్థమవుతుంది? ఆయన విలువ ఆయన ఇచ్చేదాన్నిబట్టి అని అర్థమవుతుంది.

ఆ పెద్దాయన పదకొండు నెలలు రాలేదు. తర్వాత ఒక రోజు మందిరం పైకప్పు నేస్తుంటే వెదుళ్లు భుజాన వేసుకుని వచ్చి దింపి వెళ్లారు. ఆ పై ఆదివారం వచ్చి వెనక కూర్చున్నారు. ఎందుకు మానేశారో, ఎందుకు వచ్చారో నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు.

అదే తుపానులో కొబ్బరి పీచు కొట్టుకుని బతికే ఒక మామ్మగారి పాక లేచిపోయింది. నేను వెళ్లేసరికి ఆవిడ తడిసిన వాకిట్లో నిలబడి, ఆకాశంవైపు చెయ్యెత్తి, ఇరుగుపొరుగు అంతా వినేలా దేవుణ్ని తిడుతోంది. "ఏం తండ్రీ, నా పాకే దొరికిందా నీకు" అని. నేను బిత్తరపోయి "మామ్మగారూ, అలా అనకూడదండి" అన్నాను. "ఆయన్ని అడక్క ఇంకెవర్ని అడగను బాబూ, నాకెవరున్నారు" అంది. అప్పుడు అది నాకు మొరటుగా తోచింది. ఇప్పుడు దాన్నే విశ్వాసం అంటున్నాను. పెద్దాయన దేవుడి గురించి ఫిర్యాదు చేశారు. మామ్మగారు దేవుడితోనే ఫిర్యాదు చేసింది. ఆవిడ పాక పోయింది గానీ ఆవిడకూ ఆయనకూ మధ్య మాట పోలేదు.

ఇక మీ దగ్గరికి వస్తాను. నోట మాట రావడం లేదన్నారు. కానీ మోకరించడం మానలేదు కదమ్మా. మాటలు లేకుండా ఆయన ముందు కూర్చుంటున్నారు, అపరిచితుడైన నాలాంటివాడికి ఇంత పొడుగు ప్రశ్న రాసి ఆయన గురించే అడుగుతున్నారు. ఆశీర్వాదాన్ని మాత్రమే నమ్మినవాళ్లు అది పోగానే వేరే దుకాణం వెతుక్కుంటారు. యోహాను 6లో ఐదు రొట్టెలు తిన్న జనం మర్నాడు పడవలెక్కి మరీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు, రొట్టెకు బదులు ఆయన తన గురించే చెప్పిన మాటలు కఠినంగా తోచి చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. మీరు వెళ్లలేదు.

అయినా మిమ్మల్ని మీరు చూసుకోవాలంటే, నేను ఇంటింటికీ తిరిగి నేర్చుకున్న గుర్తులు కొన్ని చెబుతాను. పొద్దున్నే లేచి ముందు చెరువు దగ్గరికి వెళ్లడం తప్పు కాదు, రైతు పని అది. కానీ రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో దేవుడి ముఖం చదివారా అన్నది చూసుకోండి. మేత ఖాళీ అయిన రోజున ఆయన మంచివాడిగా, మేత మిగిలిన రోజున ఆయన ముఖం తిప్పుకున్నవాడిగా కనిపించాడా? పక్క చెరువు పోయినప్పుడు "వాళ్లకు ప్రార్థన లేదు" అని మనసులో అనుకున్నారా? ఇది మనందరికీ ఎంతో మెత్తగా వచ్చే పాపం. ద్వితీయోపదేశకాండము 8లో "నా బాహుబలమే ఈ భాగ్యం సంపాదించింది" అనుకుంటావు జాగ్రత్త అని మోషే హెచ్చరించాడు. మన విశ్వాసుల్లో దానికి వేషం మారుతుంది, "నా ప్రార్థనే సంపాదించింది" అవుతుంది. లోపలిది అదే గర్వం. ఇంకొకటి, లాభం వచ్చిన పంటలో రొయ్యల పట్టుబడికొచ్చిన కూలీలకు, అడిగిన చుట్టానికి చెయ్యి తెరుచుకుందా, బిగుసుకుందా? తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రికలో, ఆరో అధ్యాయంలో, అస్థిరమైన ధనాన్ని నమ్ముకోవద్దని చెప్పిన వెంటనే ధారాళంగా ఇవ్వమని చెప్పాడు. ఆ రెండూ పక్కపక్కన ఉండడం నాకు చాలా ఆలస్యంగా కనిపించింది.

ఇవి చూసుకుంటే కొన్నిచోట్ల "అవును" అని మీ మనసే చెబుతుంది. చెప్పనివ్వండి. ఒప్పుకుంటే సరిపోతుంది. దాన్ని పట్టుకుని "అందుకే చెరువు పోయింది" అనే లెక్క మాత్రం కట్టొద్దు. మీ నష్టం శిక్ష అని ఎవరు చెప్పినా వినకండి. వైట్‌స్పాట్ ఒక వైరస్. సీడ్‌లోంచి, అంటే వేసే రొయ్యపిల్లల్లోంచి రావచ్చు, నీళ్లలోంచి రావచ్చు, పీతల ద్వారా రావచ్చు, ఒకసారి వస్తే మందు లేదు. అది భక్తిపరుల చెరువు, భక్తిహీనుల చెరువు అని చూసి రాదు. యోబు గ్రంథం మొదట్లో సాతాను అడిగిన ప్రశ్న, "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు గలవాడాయెనా?" అన్నది, మీ పాస్టరుగారి ప్రశ్న లాంటిదే. కానీ అన్నీ పోయిన తర్వాత యోబు స్నేహితులు వచ్చి పాపం చేశావని లెక్కలు కట్టారు. చివర్లో దేవుడు కోపపడింది యోబు మీద కాదు, ఆ లెక్కలు కట్టినవాళ్లమీద.

ఇంకొక ప్రమాదం అటువైపు ఉంది. రేపోమాపో ఎవరో ఒకరు వచ్చి "విశ్వాసంతో మళ్లీ సీడ్ వేయండి, ఈసారి రెండింతలు వస్తుంది" అంటారు. చెరువు ఎండగట్టి సున్నం చల్లి, లెక్కలన్నీ చూసుకుని మీ ఇద్దరికీ సబబు అనిపిస్తే వేయండి, మానుకున్నా తప్పు లేదు. కానీ దేవుడు ఉన్నాడని రుజువు చేసుకోవడానికి వేయొద్దు. ఆ పంట వస్తే మళ్లీ పంటనే నమ్ముతారు, రాకపోతే ఈసారి మోకరించడం కూడా మానేస్తారు. నేలమీద మన్నా పడిన రోజుల్లో దేవుడు దాన్ని మర్నాటికి దాచుకోనివ్వలేదు, దాచినదానికి పురుగులు పట్టాయి. రేపటికి కూడా ఆయన్నే చూడాలని.

ప్రార్థన సంగతి. నేను ఆ పెద్దాయనకు చదివిన హబక్కూకు 3:17 మీకూ ఎవరో పంపి ఉంటారు. దానికి ముందున్న 16వ వచనం కూడా చదవండి. నేను ఆనాడు దాన్ని దాటేసి చదివాను. అందులో ప్రవక్త పెదవులు వణికాయి, ఎముకలు కుళ్లిపోయినట్టయింది, కాళ్లు వణికాయి. ఆ వణుకులోంచే తర్వాతి మాట వచ్చింది. మీకు 17వ వచనం ఇప్పుడే రాకపోతే 16 దగ్గరే ఉండండి, అదీ వాక్యమే.

మరొకటి. కువైట్‌లో ఆ ఇంటివాళ్లు నిద్రపోయాక చిన్న గదిలో దుప్పటి ముసుగేసుకుని గొంతు బయటికి రాకుండా ప్రార్థన చేసేదాన్నని రాశారు. ఆ రోజుల్లో మీకు డాబా లేదు, చెరువు లేదు, పిల్లలు కూడా దగ్గర లేరు. అక్కడ మీరు మాట్లాడింది ఎవరితో? ఇవేవీ రాకముందే ఆయన మీకు ఉన్నాడు. ఈ రాత్రి కొత్త మాటలు వెతక్కండి. ఆ గదిలో ఆయన్ని ఏమని పిలిచేవారో ఆ ఒక్క పిలుపు పిలిచి ఊరుకోండి.

మేత డీలరు బాకీ, లీజు డబ్బు గురించి మీ ఆయనా మీరూ కలిసి కాగితం మీద రాసుకోండి, సంఘంలో ఒకరిద్దరు నమ్మకమైనవాళ్లకు దాచకుండా చెప్పండి. అంతకంటే కష్టమైనది ఒకటి అడుగుతాను. వీలు చిక్కినప్పుడు, సాక్ష్యాల సమయంలో లేచి, "చెరువు పోయింది, ప్రార్థన చేయలేకపోతున్నాను, నాకోసం చేయండి" అని చెప్పండి. మా గుళ్లో కిందటేడు ఒకాయన అలాగే చెప్పారు. కూటం అయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ ముగ్గురు ఆయన పక్కకు చేరి, ఎన్నాళ్లుగానో ఎవరికీ చెప్పని తమ నష్టాలు ఆయనతో చెప్పుకున్నారు.